ఎడమవైపు బర్నర్

బాగుచేయించడమా, మార్చేయడమా?
మూడు వారాలుగా మా ఇంట్లో ఇదే పంచాయితీ.

పోర్టు కాటాలో గుమాస్తాని నేను.
నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేస్తే
మిగిలింది బొగ్గు.
అలవాటు కొద్దీ ఇంట్లోనూ లెక్క వేశాను,
క్యాలెండరు వెనక, సిలిండరు తేదీల కింద:
మీట అరవై, ట్యూబు రెండొందల పది,
కాలు విరిగితే కింద పెట్టిన చెక్కముక్క ఉచితం...
మూడేళ్లలో పదిహేడొందల చిల్లర.
కొత్తది ఐదువేల ఆరొందలు.
ముల్లు కొత్తదాని వైపే మొగ్గింది.
క్యాలెండరు మళ్లీ మేకుకి తగిలించాను,
దేవుడి బొమ్మ ఇటు తిప్పి.

ఆదివారం డాబాగార్డెన్స్‌లో చూశాం.
నల్లటి అద్దం పొయ్యి. వంగితే నా ముఖం కనపడింది.
చారు కాచేటప్పుడు నా ముఖంతో నాకేం పని?
"అగ్గిపెట్టె అక్కర్లేదు మేడమ్" అన్నాడు కుర్రాడు.
"ఉప్పుగాలికి ఆగుతుందా?" అన్నాను.
వాడు ఏసీ వైపు చూశాడు.
మా బంగారునాయుడు బిల్లు పుస్తకం వైపు చూశాడు.

కోటవీధిలో మాది పై వాటా.
కిటికీ తెరిస్తే ఉప్పు, మూస్తే ఉక్క,
తెరిచినా మూసినా బొగ్గునుసి.
స్టీలంటారు గానీ, మా గట్టు మీద స్టీలు
రెండో ఏటికే చెమర్చి
మూడో ఏటికి పుట్టుమచ్చలు వేసుకుంటుంది.

హుద్‌హుద్ వెళ్లిన మర్నాడు
మేడమీద వాళ్ల సిలిండరు, కింది వాటా వాళ్ల బియ్యం,
మా పొయ్యి. మూడు పూటలు గంజి.
ఆ కథ చెప్పి దీనికి మార్కులు వేయను.
ఆ రోజు ఏ పొయ్యైనా అదే చేసేది.

నన్ను ఆపింది పాలు.
కుడి మీట గీతకి నువ్వుగింజంత ఇవతల ఆపితే
పాలు పొంగవు, ఊరికే కాగుతాయి.
నేను స్నానం చేసి జడ వేసుకుని రావచ్చు.
ఆ నువ్వుగింజ నేర్చుకోడానికి నాలుగేళ్లు పట్టింది,
అది ఏ బిల్లులోనూ లేదు.

కానీ పోయిన బుధవారం అర్ధరాత్రి గ్యాసు వాసన.
నిద్రలో ఉన్న హైమని భుజాన వేసుకుని
మెట్ల మీద కూర్చున్నాక
నువ్వుగింజ మాట ఎత్తడానికి సిగ్గేసింది.

అల్లిపురం నుంచి సైకిలు మీద వచ్చాడు గౌరీశు.
మాట్లాడకుండా బోర్లించి విప్పాడు.
రెండేళ్లుగా వెలగని ఎడమ బర్నర్ గొట్టంలోంచి
బల్లి గుడ్డు పెంకు, చిటికెడు నుసి, ఒక ఆవగింజ
పేపరు మీద వరసగా పెట్టాడు,
పోయినవాళ్ల జేబులో వస్తువుల్లా.
"ఇత్తడి బర్నర్లమ్మా, ఇప్పుడిలాంటివి రావు."
నేను బంగారునాయుడి వైపు గెలిచినట్టు చూశాను.

తర్వాత కుడిదాన్ని తిప్పాడు.
స్క్రూడ్రైవర్ ఇటు పొడిస్తే అటు వచ్చింది.
"ఇది అయిపోయింది. మూసేత్తాను.
వాసన దీందే. మిగతా రెండూ ఒక ఏడాది."
"గ్యారంటీ?"
"సముద్రం పక్కనెట్టుకుని గేరంటీ ఏటమ్మా?"

కొత్త ట్యూబు బిగించి సబ్బునురగ రాశాడు.
ముగ్గురం వంగి చూశాం. ఒక్క బుడగ లేవలేదు.

సాయంత్రం టీకి నా చెయ్యి కుడివైపే వెళ్లింది.
అక్కడ మీట లేదు, రేకు బిళ్ల.
ఎడమది వెలిగించాను. ఎవరి ఇంట్లోదో అన్నట్టు
నీలంగా, గట్టిగా మండింది.
గీతకి నువ్వుగింజంత ఇవతల ఆపి
జడ వేసుకుందామని వెళ్లాను.

పొంగిపోయాయి.

బంగారునాయుడు ఏమీ అనలేదు.
మసిగుడ్డ తడిపి గట్టు తుడిచాడు.
క్యాలెండరు తిప్పి రాశాను:
గౌరీశుకి నాలుగొందల ఎనభై.
పాలు, అరలీటరు.