చీపురుకో చోటు

ఇల్లు కట్టి చూడమన్నారు మనవాళ్ళు.
బీరువా చేసి చూడమని
ఎవరూ అనలేదు.

హెస్టర్ క్విల్టీ పంతొమ్మిదేళ్ళు భవనాలు గీసింది.
ఆఖరిది ఇక్కడే, లాన్సెస్టన్‌లో,
టేమర్ నది బురద ఒడ్డున ఏడంతస్తుల గాజు.
మేయరు కత్తెర పట్టుకుని నవ్వుతుంటే
దేవీమాయ పక్కకొచ్చి మెల్లిగా అడిగిందట:
"చీపురు ఎక్కడ పెట్టుకోను?"

ఇద్దరూ ఏడంతస్తులూ వెతికారు.
లేదు.
మెట్ల కింద ఆనించిన ఆ కర్ర
అవార్డు ఫొటోలో కూడా పడింది,
ఎడమవైపు, మసగ్గా.

ఇప్పుడామె పని ఊరి చివర పాత ఉన్ని గోదాములో.
వాన పడితే గోడల్లోంచి ఇంకా గొర్రె వాసన.
శనివారాలు నేను గరుకుకాగితం పడతాను.
"స్టోరేజ్ యూనిట్" అంటుంది తను.
బీరువా అంటాను నేను.
బీ-రు-వా, అని నోట్లో తిప్పి చూసుకుని
"ఈ మాటకి భుజాలున్నాయి" అంది.

బ్లాక్‌వుడ్ మీద చిత్రిక పడితే
తేనెరంగు చుట్టలు పాదాల మీదికి రాలతాయి.
భాష మాత్రం పాతదే:
నడిమి అర రెండో అంతస్తు,
సొరుగు లాగితే బాల్కనీ.
గోడకి ఆనే వెనక పలకకీ మూడు పూతల నూనె.
ఎవరు చూస్తారని?
"తుడిచేవాళ్ళు" అంది, తలెత్తకుండా.

కుడివైపు ఒక సన్నటి తలుపు,
జానెడు వెడల్పు, నిలువెత్తు.
లోపల ఒక్కటే కొయ్య కొక్కెం.

మెల్‌బోర్న్ నుంచి వచ్చిన దంపతులు
పద్నాలుగు వేల డాలర్లిచ్చి కొన్నారు.
నలుగురం మోసుకెళ్ళి, తెల్లటి హాల్లో,
వాళ్ళు చూపించిన దీపం కింద నిలబెట్టాం.
"లోపలేమీ పెట్టం," అన్నాడాయన ముద్దుగా,
"ఇది శిల్పం."
తిరుగు దారిలో ఫెర్రీ ఎక్కేదాకా
హెస్టర్ మాట్లాడలేదు.
ఎక్కాక మాత్రం ఒక్కటే అంది:
"మళ్ళీ గాజుమేడే కట్టాను."

మిగిలిన ముక్కలతో రెండోది చేసింది.
చిన్నది, రంగు కలవని తలుపులు,
ఒక పక్క కణుపు కన్నులా.
ఆదివారం పొద్దున్నే వ్యాన్‌లో తీసుకెళ్ళి
ఏడంతస్తుల మెట్ల కింద, ఎవరినీ అడక్కుండా,
నాలుగు మరలు బిగించాం.

దేవీమాయ తెరిచింది. మూసింది. తెరిచింది.
చీపురు తగిలించింది.
పై అరలో చెప్పులజత, మిరపకాయ పచ్చడి డబ్బా,
ఎవరిదో పాప ఫొటో.
తర్వాత, మొహమాటం లేకుండా:
"కొక్కెం బెత్తెడు కిందికుండాలి.
నా చెయ్యి అందాలి కదా."

చెవి వెనక పెన్సిల్ తీసి
మోకాళ్ళ మీద కూర్చుంది హెస్టర్.
ఇన్ని భవనాల్లో
ఒక్కసారి కూడా ఎవరూ
చెయ్యి చాపి చూపించలేదామెకి
ఇదిగో, ఇక్కడ, అని.

పాత బెజ్జం పూడ్చబోయాను.
ఉండనీ, అంది.