తొమ్మిదో రీలు

మా గుణుపురానికి సినిమా రైల్లో వచ్చేది.
నౌపడలో పెద్ద బండి దిగి, చిన్న బండెక్కి,
పర్లాకిమిడిలో ఇంజను నీళ్ళు తాగేదాకా ఆగి,
దగ్గుకుంటూ దగ్గుకుంటూ
చీకటి పడ్డాక చేరేది.

రేకు పెట్టెలు. వాటి మీద సుద్దముక్కతో అంకెలు.
స్టేషన్నుంచి డేరా దాకా
సుంబా సవర నెత్తిన మోసేవాడు.
వెనక మేం పిల్లలం,
పెళ్ళివారి వెనక నడిచినట్టు.

ఆ ఏడు వచ్చిన బొమ్మలో ఇంటిల్లిపాదీ పాడతారు.
తల్లి అప్పడాలొత్తుతూ,
పెద్దాడు సైకిలు తుడుస్తూ,
మిగతా నలుగురూ ఒకే దుప్పటి కింద దూరి.
తండ్రి ఒక్కడే పాడడు.
హార్మోనియం పెట్టెకి తాళమేసి
చెవి ఎక్కడ పెట్టాడో తనకే తెలీనట్టు తిరుగుతాడు.

తొమ్మిదో రీలు రాలేదు.
నౌపడ ప్లాట్‌ఫారం మీద
ఏ బెల్లం బస్తాల మధ్యో ఉండిపోయింది.
ఆపరేటరు పొట్నూరు గవరయ్య
ఎనిమిది తర్వాత పది ఎక్కించేసి బీడీ ముట్టించుకున్నాడు.
తాళమేసిన పెట్టె.
తెర మీద తెల్లగా ఒక మెరుపు.
ఆ వెంటనే
అరుగు మీద అందరూ,
తండ్రి వేళ్ళు హార్మోనియం మెట్ల మీద,
పాట అప్పటికే సగంలో.

నేల టిక్కెట్లో ఒక్క ఈల లేదు.
ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.
తాళం ఎవరు తీశారు?

పదకొండు రోజులాడింది.
మా మేనత్త అప్పలనర్సమ్మ
"ఇంకెవుత్తే, ఆ చంటిదే, తలపిన్నెట్టి" అంది.
షావుకారు గుమాస్తా అన్నాడు గదా,
అప్పులాడు పట్టుకుపోదామనొచ్చి తీసుంటాడు,
తీసేక జాలేసుంటాది, అని.
అంటూ తన చెప్పులకేసి చూసుకున్నాడు.
పక్కింటి నిషామణి మావుసి,
తెలుగు మాటల్ని ఒడియాలో నానబెట్టుకు తినే మనిషి,
"వానమ్మా. వాన తీసింది.
తుప్పు పట్టిన తాళం ఎన్నాళ్ళుంటుంది?" అంది.
సుంబా నవ్వేడు:
"అన్ని పెట్టెలూ నానే మోసినాను. ఒకటి మరీ బరువు.
తాళంచెవి అందులోనే ఉంటాది."

నాన్న ఏమీ అనలేదు.
డేరా విప్పిన రాత్రి
నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ
ఆ పాట ఒక ముక్క అన్నాడు.
చెంబు కింద పెట్టేడు.
అంతకుముందు ఎప్పుడూ వినలేదు మేం. తర్వాతా వినలేదు.

చిన్న బండి పోయింది. పెద్ద పట్టాలొచ్చాయి.
డేరా వేసిన చోట ఇప్పుడు సిమెంటు గోడౌను.
మొన్న మనవరాలు లిఖిత ఫోన్లో ఆ బొమ్మ పెట్టింది,
మొత్తం, ఒక్క గీత లేకుండా.
ఎనిమిదో రీలు అయిపోయే చోటు నా ఒంటికి తెలుసు.
కళ్ళు చిట్లించుకుని కూర్చున్నాను.
మెరుపు రాలేదు.

తాళంచెవి బియ్యం డబ్బాలో ఉంది.
వంటమనిషికి దొరికింది.
రెండు నిమిషాల హాస్యం, ఒక తుమ్ము.

ఊరు ఊరంతా నలభై తొమ్మిదేళ్ళు కలిసి తీసిన తాళం
బియ్యం డబ్బాలో.

"బాగుందా అమ్మమ్మా?"
"బాగుంది."
బాగానే ఉంది మరి, అబద్ధమాడలేదు.

మావుసికి చెప్పలేదు.
ఎనభై ఏడేళ్ళు, చెవులు మందం,
వానంటే ఇంకా అదే నమ్మకం.
సాయంత్రాలు ఆవిడ గుమ్మంలో కూర్చుని
చింతపిక్కలు తీస్తాం.
ఆవిడ ఒడియా మాటలేసి, నేను తెలుగు మాటలేసి
ఆ పాటే గొణుక్కుంటాం.

లిఖిత నవ్వుతుంది.
"మధ్యలోంచి మొదలెడతారేంటి?
ముందు ఇంకో చరణం ఉంది కదా,
ఆగండి, నేర్పుతాను" అంటుంది.

మావుసి ఈగని తోలినట్టు చెయ్యి ఊపుతుంది.
పిక్క ఒకటి చాటలో పడేసి
అరుగు మీద అందరూ ఉన్నచోట,
వేళ్ళు మెట్ల మీద ఉన్నచోట,
తెగిపోయిన ఆ మాట
మిగతా సగం నుంచి
ఎత్తుకుంటుంది.