సన్న తీగ

మాలకొండయ్య మోటారు మా కొట్టుకి రావడం
ఈ ఎండాకాలంలో ఇది మూడోసారి.
మూత విప్పకముందే వాసన.
కాలిన వార్నిషు ముక్కుకెక్కితే
రెండు రోజులు అన్నంలో కూడా అదే తగులుతుంది.
సిలార్ మామ ఉలి పెట్టి తెగ్గొట్టి
రాగిచుట్ట పీకి నా ఒళ్లో వేశాడు.
పోయిన నెల నేను చుట్టినప్పుడు తేనెరంగు.
ఇప్పుడు తాలింపులో మాడిన మిరపకాయ.

"ఆడపిల్ల చుట్టుడు గదా" అన్నాడు మాలకొండయ్య,
నాతో కాదు, గోడమీది ఫ్యానుతో.
గాడికి యాభై రెండు చుట్లు.
లెక్క తప్పలేదని నా వేళ్లకు తెలుసు.

మళ్లీ చుట్టాను. వార్నిషు పోసి ఆరబెట్టాం.
ఈసారి మామ మీటరు సంచిలో వేసుకుని
నన్నూ బండెక్కించుకున్నాడు.
సింగరాయకొండ దాటి, సరుగుడు తోపుల్లోంచి,
ఇసకలో చక్రం కూరుకుపోతే దిగి తోసుకుంటూ
శనక్కాయ చేలోని దొరువు దాకా.
రాత్రి ఒంటిగంటకు త్రీఫేజు వచ్చింది.

ట్రాన్స్‌ఫార్మరు కాడ నాలుగొందల పదిహేను.
దొరువు కాడ మూడొందలు.
నడుమ ఆరొందల గజాల అల్యూమినియం తీగ,
బట్టలారేసే దండెం కంటే సన్నం.

"మిగతా నూట పదిహేను ఎవరు తాగినట్టు?"
మామ నవ్వలేదు. "తీగ మీద చెయ్యి పెట్టు అబ్బయా."
పెట్టాడు.
సముద్రం గాలి చెవుల్లో హోరుమంటున్నా
తొడుగు కింద తీగ
పొదిగే కోడి కింది గుడ్డులా ఉంది.

"చిల్లికడవతో ఆరొందల గజాలు నడిచినట్టుండాది నీ యవ్వారం.
ఇరుకు దారి, రాసుకుంటా రావాల గదా కరెంటు.
వోల్టేజి చాలక మోటారు ఇంకా ఎక్కువ లాగుద్ది.
లాగేది రెండింతలైతే
వేడి రెండింతలు కాదబ్బయా, నాలుగింతలు.
ఈ పిల్ల చుట్టిన రాగి ఏం చేస్తది?"

మాలకొండయ్య చాలాసేపు మాట్లాడలేదు.
దొరువులో నీళ్లు గొణుక్కుంటూ ఎక్కుతున్నాయి.
లావు తీగ వెల అడిగాడు. మూడు వరసలు, ఆరొందల గజాలు.
మామ చెప్పాడు.
వేళ్ల కణుపుల మీద ఒకసారి లెక్క వేసుకుని,
మళ్లీ వేసుకుని, పిడికిలి ముడిచేశాడు.
"కాయ పీకినాక చూద్దాం లే."

వచ్చేటప్పుడు శనక్కాయ చెట్లు నాలుగు పెరికి,
ఇసకైనా దులపకుండా
నా ఒళ్లో పెట్టాడు.
ఏమీ అనలేదు.

కోతకింకా ఇరవై రోజులు.
అప్పటిదాకా ఆ తీగ ఊరుకుంటుందా?
కొత్త రాగి రీలు దించి
గాడికి యాభై రెండు చొప్పున
ముందే చుట్టి పెడుతున్నాను.