తోక వడ్డీ

టొలీడోలో, ఫిబ్రవరిలో,
తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మామీ ఏటి గాలి
మా కౌంటరు దాకా వచ్చి నిలబడుతుంది,
ఏమీ కొనకుండా.

దాని వెనకే వెర్లీన్ టేటమ్.
నెలకోసారి, పదకొండో తారీఖు దాటకుండా.
నేను అమ్మేవి లాటరీ టికెట్లు, సిగరెట్లు, బస్సు పాసులు,
మనియార్డర్లు.
ఆమెకు కావలసింది ఆ చివరిదొక్కటే.

చేతి తొడుగు పళ్ళతో లాగి తీస్తుంది.
కోటు లోపలి జేబులోంచి ఖాళీ బ్రెడ్డు సంచి,
సంచిలోంచి రబ్బరు బ్యాండు చుట్టిన కట్ట.
ఇరవైలు తక్కువ, ఐదులు ఎక్కువ,
ఒక డాలరు కాగితాలు మరీ ఎక్కువ.
అన్నిటికీ తలనూనె వాసన.
శని ఆదివారాలు వంటింటి కుర్చీలో పిల్లల్ని కూచోబెట్టి
తలకి ఆరుగంటల చొప్పున జడలల్లుతుంది.
నోట్ల మొహాలన్నీ ఒకే వైపు తిప్పి ఉంటాయి.
నేను లెక్కపెడుతుంటే
ఆమె పెదాలు నాతోపాటే కదులుతాయి.

అప్పు దేనికని నేనడగలేదు.
రెండో చలికాలం తనే చెప్పింది.
"ఫర్నేసు చచ్చిపోయింది. ఇంట్లో తమ్ముడు, వాడి ముక్కుకి గొట్టం."
కార్డు గీస్తే వెచ్చదనం వచ్చింది.
తమ్ముడు ఏప్రిల్లో వెళ్ళిపోయాడు.
వెచ్చదనం తాలూకు బాకీ ఉండిపోయింది,
నాలుగువేల మూడొందలు,
రాత్రి షిఫ్టు కూడా మానని వడ్డీతో.

బ్యాంకు ఆమెనెప్పుడో వదిలించుకుంది.
పదకొండు డాలర్లు తక్కువ పడితే ముప్ఫై అయిదు జరిమానా,
జరిమానాకి డబ్బు లేనందుకు ఇంకో జరిమానా,
ఆఖరికి ఖాతా మూసేశామని ఉత్తరం,
ప్రియమైన ఖాతాదారుకి, అని మొదలెట్టి.

కార్డు కంపెనీకి ఫోను చేస్తే
మర గొంతు బ్యాంకు ఖాతా నంబరు నొక్కమంటుంది.
లేదు అనడానికి అంకె లేదు.
సున్నా నొక్కింది.
"క్షమించండి, నాకర్థం కాలేదు."
వెర్లీన్ ఆ గొంతు దించేస్తుంది,
వెనక లైన్లో వాళ్ళు కూడా నవ్వుతారు.
వాళ్ళలో సగం మందికి ఆ గొంతు తెలుసు.

అందుకే ఈ కాగితం.
పదహారంకెలూ ఆగి ఆగి రాస్తుంది,
పిల్ల తలలో పాపిడి తీసినట్టు.
తోక చింపి సంచిలో వేసుకుంటుంది.
ఒక నెల కవరు ఎక్కడో దారి తప్పితే
ఆ తోక చూపించే గెలిచింది.
అప్పట్నుంచీ తోకలన్నీ ఫ్రీజర్లో,
ఇల్లు కాలినా మిగులుతాయని.

నలభై ఒకటో తోక మొన్న డిసెంబర్లో.
"ఇంక నీ మొహం చూడనక్కర్లేదు," అంది.
ఒక చాక్లెట్ తీసిచ్చాను.
దాని ధర నా జేబులోంచే పోయింది,
ఆ సంగతి ఇప్పుడెందుకు.

ఇవాళ మళ్ళీ వచ్చింది. గాలి ముందు, తను వెనక.
కౌంటరు మీద కవరు పరిచింది.
ఒక డాలరు పద్నాలుగు సెంట్లు.
బిల్లు వేసిన రోజుకీ డబ్బు చేరిన రోజుకీ మధ్య
పోస్టు సంచిలో పడుకున్న రోజులకి వడ్డీ.
ఏనుగు దాటిపోయింది, తోక మీద తలుపు పడింది.

మనియార్డరు రుసుము డాలరున్నర.
అప్పు కంటే తీర్చే ఖర్చు ఎక్కువ.
పోనీ వదిలెయ్, అన్నాను,
ఇంత చిన్నదానికి వాళ్ళేం చేస్తారు?

"పదకొండు డాలర్లు కూడా చిన్నదేగా అబ్బాయ్."

సంచి విప్పింది. అన్నీ నాణేలే.
రెండు డాలర్ల అరవై నాలుగు సెంట్లు, సరిగ్గా.
మిషను ఎప్పట్లాగే గర్జించి
అంత చిన్న మొత్తాన్నీ అక్షరాల్లో అచ్చేసింది,
చివర 'మాత్రమే' అని.

తోక చింపుకుని వెళ్ళిపోయింది.
రబ్బరు బ్యాండు కౌంటరు మీదే ఉండిపోయింది.
పిలిచాను.
వినపడలేదో, వినపడిందో.
మణికట్టుకి వేసుకున్నాను.
సాయంత్రం దాకా
చిల్లర ఇచ్చిన ప్రతిసారీ తలనూనె వాసన.