దూది

మట్టెవాడల మా నాయిన
ఏకే విల్లు అటకెక్కించి చానేండ్లాయె.
పీరునెత్తి నిప్పులగుండం తొక్కినోడు.
మదారుకు మొక్కితే పుట్టిన తమ్ముడు మదారు
జమాతుకు పోయొచ్చి అబ్దుల్ బారీ అయిండు.
"అది షిర్కు నాయినా" అన్నడు, ఒక్కటే మాట.
కుడుకల పేర్లు, దట్టీలు ట్రంకుల పడ్డయి.

కొత్త మజీదుల ఆమీన్ గట్టిగంటరు,
పాతదాంట్ల పెదవుల్లనే.
చేతులు రొమ్ము మీద కట్టేటోళ్లు, బొడ్డు కింద కట్టేటోళ్లు,
అసలే కట్టకుండ జారవిడిచేది కనీజమ్మ ఒక్కతే.
మదీనల ప్రవక్త కన్నుమూసినంక
గద్దె ఎవరిదన్న పంచాది
మా నల్లా కాడ ఇంకా తెగలే.

మొన్న వానల కనీజమ్మ పోయింది.
హైదరాబాదు నుంచి ఆమెవాళ్లొచ్చేసరికి పొద్దుగూకుతదట.
కఫనుకు దూది కావాలన్నరు.
దుకాణంల దొరుకుతది, పాకెట్ల.

నాయిన ఏమనలే, విల్లు దించిండు.
పాత తంత్రి, రెండుసార్లు తెగింది.
తమ్ముడు గడపల నిలబడ్డడు శానసేపు.
అటెన్క కూసోని
ఎనుమాముల పత్తిల గింజలు ఏరుడు పెట్టిండు.

ఎక్కువే ఏకినం.
మిగిలిన పిడికెడు నా కొంగుకే ఉన్నది,
దిండుల కుక్కనీకె మనసొస్తలేదు.