తుడిచిన సూర్యుడు

ఇక్కడ లిఫ్టు ఎక్కాలంటే
డబ్బాలో పది తెత్రీల బిళ్ళ వెయ్యాలి.
నేను వెయ్యను. బకెట్టు పట్టుకుని మెట్లే ఎక్కుతాను.
టిబిలిసి నిద్ర లేచేలోగా
ఈ డిజైను కాలేజీ ఆరో అంతస్తు నేలంతా నాదే.

రాత్రంతా పనిచేసిన పిల్లలు
బల్లల కింద కోట్లు కప్పుకుని పడుంటారు.
చుట్టూ అట్టముక్కలు, థర్మాకోల్ పొట్టు,
జిగురుతో పాటు పొలుసుల్లా ఊడొచ్చిన వేలిముద్రలు.
స్కేలు మీద తల పెట్టి పడుకున్న తెక్లే చెంప మీద
అంకెలు అచ్చుపడ్డాయి:
పదకొండు, పన్నెండు, పదమూడు.
లేపను.
ఆ నిద్ర ఒడ్డు వెంబడే ఊడ్చుకుంటూ పోతాను.

వాళ్ళు కట్టే ఊళ్ళు నా గుప్పెట్లో పడతాయి.
గోరంత మనుషులు నిలబడి ఉంటారు వాటిలో,
ఒకడి చేతిలో గొడుగు, ఒకామె పక్కన కుక్క.
చీపురు పట్టుకున్న మనిషి
ఇరవై రెండేళ్ళలో ఒక్క నమూనాలోనూ కనబడలేదు.
పోనీ,
అంత శుభ్రమైన ఊళ్ళో నాకేం పని.

అక్టోబరులో వచ్చింది ఆ డబ్బా.
దక్షిణం కిటికీ గట్టు మీద, నల్ల టేపు చుట్టిన
ఖాళీ కాఫీ డబ్బా.
ముందువైపు సూదిమొనంత చిల్లు.
పక్కన చీటీ: ముట్టుకోవద్దు, చూస్తోంది.
ఏం చూస్తోందో రాయలేదు.
నేను చీటీ చదివాను. దుమ్ముకి చదువు రాదు.
ప్రతి సోమవారం డబ్బా ఎత్తి, గట్టు తుడిచి,
మళ్ళీ అక్కడే పెట్టాను.
అక్కడే అనుకున్నాను.

ఫిబ్రవరిలో జ్యూరీ.
ఉచా కట్టిన వంతెనని ప్రొఫెసరు
చిటికెనవేలితో నొక్కి చూశాడు.
వంతెన నిలబడింది. ఉచానే కూలబడ్డాడు.
మెట్ల మీద కూర్చుని ముక్కు చీదుతుంటే
జేబులోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసిచ్చాను,
ఉప్పు ఎక్కువైనవి.
ఇద్దరం తొక్కలు నేల మీదే ఊశాం.
తర్వాత నేనే ఊడ్చాను, ఎవరూడుస్తారు మరి.

ఏప్రిల్లో తెక్లే డబ్బా మూత తీసింది.
లోపల చుట్ట చుట్టుకున్న కాగితం,
నీలానికీ ఊదాకీ మధ్య, కమిలిన చర్మం రంగు.
ఎదురు కొండ, దాని మీద టవరు,
పైన ఆరునెలల సూర్యుడు,
రోజుకో గీత చొప్పున.
దువ్విన జుట్టులా ఉండాల్సిన గీతలు
పిల్లి ఆడుకున్న ఊలుండలా ఉన్నాయి.
ఒక్క టవరు పాతిక టవర్లై వణుకుతోంది.

ఎవరు కదిపారు? అని అరిచింది.
నేనే, సోమవారాలు, అన్నాను.
పాడైపోయిందా?

జవాబు చెప్పలేదు.
భూతద్దం పెట్టి చూస్తూ కూర్చుంది.
నా బకెట్లో నీళ్ళు చల్లారిపోయాయి.
చాలాసేపటికి వేలు ఒకచోట ఆగింది.
ఇక్కడ మాత్రం గీతలు తిన్నగా ఉన్నాయి,
జనవరిలో, మూడు వారాలు.
ఇక్కడేమైంది?

వంగి చూశాను.
సన్నగా, ఒకదాని పక్కన ఒకటి,
ఎవరూ ముట్టుకోని సూర్యుడు.

మా అక్క పోయింది, అన్నాను.
జుగ్దిది వెళ్ళాను.

మేలో ప్రదర్శన పెట్టారు.
ఫ్రేము కింద చీటీ మీద రెండు పేర్లు,
తెక్లేది, నాది. నా పేరులో ఒక అక్షరం తప్పు.
ప్రొఫెసరు దాని ముందు నిలబడి
కాలం గురించి, శ్రమ గురించి అరగంట మాట్లాడాడు.
జనం తలలూపారు, ద్రాక్షసారా తాగారు,
గ్లాసులు కిటికీ గట్టు మీదే వదిలేసి వెళ్ళారు.

అందరూ పోయాక దగ్గరికెళ్ళాను.
అద్దం మీద, సరిగ్గా జనవరి మీద,
ఎవరిదో జిడ్డు వేలిముద్ర.
గుడ్డ తీసి తుడిచాను.
ఫ్రేము వెంట్రుకవాసి పక్కకి ఒరిగింది.

సరిచెయ్యలేదు.
గ్లాసులు ఏరుకుని మెట్లు దిగాను.