పాలుకిచ్చిన దావా

మా అమ్మ ఒకసారి బర్రెదుడ్డెను పాలుకిచ్చింది,
వర్ధన్నపేట దిక్కు కటకం ఐలవ్వకు.
దుడ్డె మాది, మేపుడు ఆమెది.
ఈనినంక అమ్మి చెరిసగం.
కాయితం లేదు. బండ మీద కూసోని
ఇద్దరు రెండు తమలపాకులు నమిలిండ్రు, అంతే.

నేను దావాను పాలుకిచ్చిన.

పన్నెండు వందల బేళ్లు
నా జిన్నింగు మిల్లు నుంచి
రాజలింగం స్పిన్నింగు గోదాం దాకా పోయినయి.
పైసలు మాత్రం ఇంకా తొవ్వల్నే ఉన్నయి, నాలుగేండ్లాయె.
బ్యాంకోడు తాళమేసిండు.
కోర్టు ఫీజు కోసం కాంటా అమ్ముదామంటే
అది గూడ తాకట్టుల్నే ఉండె.

అప్పుడొచ్చిండ్రు రాయదుర్గం నుంచి ఇద్దరు పిలగాండ్లు.
పత్తి దూగరకు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొని
ఇన్వాయిసులు, వేబిల్లులు, రాజలింగం వాట్సాప్ మెసేజీలు,
ఆఖరికి అతని బామ్మర్ది ప్లాట్లు గూడ చదివిండ్రు.
నా మొఖం దిక్కు చూసింది తక్కువ.
"వకీలు ఖర్చు మాది. ఓడితే మీరు పైసా ఇవ్వొద్దు.
గెలిస్తే వందకు నలభై."
సుదర్శనాచారి వకీలు అద్దాలు తుడుచుకుంట
"గెలుస్తవో లేదో నేను చెప్పలేను వీరమల్లూ,
వాళ్లు మాత్రం లెక్కేసుకునే వచ్చిండ్రు" అన్నడు.
ముప్పై రెండు పేజీల మీద సంతకం పెట్టిన.
ఆ రాత్రి నిద్ర పట్టింది.
అబద్ధమెందుకు, మంచిగ పట్టింది.

హన్మకొండ కోర్టు మెట్లెక్కుతుంటే
నా పక్కన పెద్ద వకీలు, ఆయన పక్కన చిన్న వకీలు.
రాజలింగం మొఖం మాడుడు చూసి
కడుపుల సల్లగైంది.

మొన్న పొద్దుగూకినంక అతనే వచ్చిండు,
ఒక్కడే, బిడ్డ స్కూటీ మీద.
"మూడు కోట్లల్ల కోటిన్నర తెస్త.
ఇగ సాలు మల్లన్నా, నా బీపీ నీ వడ్డీ లెక్కనే పెరుగుతున్నది."

సరే అన్న మాట నాలికె కొస దాకా వచ్చింది.
పద్నాలుగో షరతు యాదికొచ్చింది:
వాళ్లు ఒప్పుకోంది నేను రాజీ కావద్దు.
ఫోను చేసిన. ఎత్తిన పిల్ల మర్యాదగనే చెప్పింది,
"ఇది ఇంకా పెరిగే కేసు సార్. ఇప్పుడే అమ్మం."

అమ్మం.

లింగానికి ఏం చెప్పాలె?
నా కోపం నా దగ్గర లేదు,
రాయదుర్గంల తొమ్మిదో అంతస్తుల మేస్తున్నదనా?
గేటు తాళం బ్యాంకుది గనక ఇద్దరం బయటనే నిలబడి
చాయ తాగినం.
పైసలు ఎవరిచ్చినమో యాదిలేదు.

అమ్మ పాలుకిచ్చిన దుడ్డె
ఈనకముందే గాలికుంటొచ్చి సచ్చింది.
ఐలవ్వ ఎండల నడిచొచ్చి
మా గడప ముంగట కూసోని ఏడ్చింది.
ఎవరి నష్టమెంతో ఎవరూ అడగలే.
అమ్మ లోపలికి పోయి
ఆమెకు ఇంత బువ్వ కలుపుకొచ్చింది.